ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన ఏడాది

2023 ఆగస్టులో నా డిగ్రీ రెండో ఏడాది మొదలైంది. టెక్సాస్‌లో ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ. డాక్టర్ని కావాలన్నది చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక. ఆ ఏడాది నాకు జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ దారిలో ఉన్న పిల్లలకూ, పిల్లల్ని ఈ దారిలో పంపిన అమ్మానాన్నలకూ పనికొస్తుందని.

ముందు ఈ చదువు సంగతి చెప్పాలి. మన దగ్గర ఇంటర్ అయ్యాక నీట్ రాస్తారు. ర్యాంకు వస్తే ఎంబీబీఎస్‌లో చేరతారు, రాకపోతే లాంగ్ టర్మ్‌కి వెళ్తారు. అమెరికాలో నేరుగా మెడిసిన్‌లో చేరే అవకాశం చాలా కొద్దిమందికే ఉంటుంది. మిగతా అందరూ ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయాలి. డిగ్రీ దేంట్లోనైనా చేయొచ్చు గానీ బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ లాంటివి చదివి తీరాలి. తర్వాత మెడికల్ స్కూలు నాలుగేళ్లు. ఆ పైన రెసిడెన్సీ కనీసం మూడేళ్లు. ఈ మొదటి నాలుగేళ్లలో ఉన్నవాళ్లనే ప్రీమెడ్ అంటారు. విజయవాడలో మా అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెన్నాళ్లే నీ డాక్టరు చదువు" అంటుంది. నేనింకా ఆ చదువులో చేరనే లేదని ఆమెకు చెప్పడం నాకు చేతకాలేదు.

నీట్‌లా ఒక్క పరీక్ష మీద అంతా తేలిపోదు కాబట్టి ఇది నయమని బంధువులు అంటుంటారు. లోపల ఉన్నవాళ్లకు అలా ఉండదు. నాలుగేళ్లలో వచ్చిన ప్రతి గ్రేడూ లెక్కలోకి వస్తుంది. సైన్సు, మ్యాథ్స్ గ్రేడ్లకు విడిగా ఇంకో సగటు కడతారు. ఒక కోర్సు మళ్లీ చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నా పాతది పోదు. ఎక్కువ స్కూళ్లకు దరఖాస్తులు తీసుకునే ఏఎంక్యాస్ ఆ రెండింటినీ కలిపే లెక్క వేస్తుంది. దేశమంతా కలిపి ఏటా యాభై వేల మందికి పైగా ఎండీ సీట్లకు, అంటే ఇక్కడి మెడికల్ స్కూలు సీట్లకు, దరఖాస్తు పెడతారు. చేరేది సుమారు 23 వేల మంది. చేరినవాళ్ల సగటు జీపీఏ నాలుగుకు 3.7 పైనే ఉంటుంది. ఈ అంకెలు మొదటి ఏడాదిలోనే మా అందరికీ కంఠతా వచ్చు.

గ్రేడ్లు ఒక్కటే చాలవు. ఆసుపత్రిలో వాలంటీరుగా చేయాలి. డాక్టర్ల వెంట తిరిగి వాళ్ల పని చూడాలి. రీసెర్చ్ ఉంటే మంచిది. ప్రొఫెసర్లు ఉత్తరాలు ఇవ్వాలి. నలుగురితో కలిసి మెలిసి ఉండే మనిషివని కూడా కనిపించాలి. ఏఎంక్యాస్ దరఖాస్తులో ఇలాంటివి రాసుకోవడానికి పదిహేను గళ్లు ఉంటాయి. కొన్నాళ్లకు నాకు నేను సరదాగా వెళ్లే డాన్సు ప్రాక్టీసు కూడా ఒక గడిలాగే కనిపించడం మొదలైంది.

నాకు ఇంకో భయం కూడా ఉండేది. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ముందే వచ్చారు. అమ్మా, తమ్ముడూ, నేనూ 2016లో, నా ఆరో తరగతి అయ్యాక వచ్చాం. గ్రీన్‌కార్డు 2021లో వచ్చింది. అప్పటిదాకా మేం నాన్న మీద ఆధారపడిన హెచ్4 వీసా మీద ఉన్నాం. ఇక్కడ చాలా మెడికల్ స్కూళ్లు పౌరుల్నీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనీ మాత్రమే తీసుకుంటాయి. కార్డు రాకపోతే నాకు ఇరవై ఒకటి నిండేసరికి ఆ హెచ్4 కూడా చెల్లకుండా పోయేది. నాతో హైస్కూల్లో చదివిన తెలుగు పిల్లలు కొందరు ఆ ఒక్క కారణంతో మెడిసిన్ ఆలోచన మానుకుని కంప్యూటర్ సైన్స్ తీసుకున్నారు. నాకు వీలు దొరికింది. దాన్ని పాడు చేసుకునే హక్కు నాకు లేదనుకునేదాన్ని. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

మొదటి ఏడాది బాగానే గడిచింది. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లలోనూ ‘ఏ’ గ్రేడు వచ్చింది. రెండో ఏడాదికి ముగ్గురం కలిసి క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఒకమ్మాయిది హ్యూస్టన్, నైజీరియా నుంచి వచ్చిన కుటుంబం. నర్సింగ్ చదువుతోంది. ఇంకో అమ్మాయిది మెక్సికో సరిహద్దు దగ్గర మెకాలెన్. అకౌంటింగ్. కింది అంతస్తులో ఎంఎస్ చేసే తెలుగు అమ్మాయిలు నలుగురు ఉండేవారు. వాళ్లలో పెద్దామె కరీంనగర్ అక్క. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లోనో వాళ్లింట్లోనో అందరం కలిసి వండుకునేవాళ్లం. నైజీరియా వాళ్ల జొలోఫ్ రైస్ పక్కన పచ్చిపులుసు పెట్టుకుని తినడం నాకు అక్కడే అలవాటైంది.

ఆగస్టు చివర్లో క్లాసులు మొదలయ్యాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, జెనెటిక్స్, స్టాటిస్టిక్స్, రెండు ల్యాబులు. శనివారం ఉదయం ఆసుపత్రిలో వాలంటీరు పని. ఇన్ని ఒకేసారి తీసుకోవద్దని అడ్వైజర్ అన్నారు. నా చుట్టూ ఉన్నవాళ్లు అలాగే తీసుకుంటున్నారు. నేనూ తీసుకున్నాను.

ఆర్గానిక్ కెమిస్ట్రీ బట్టీ పడితే వచ్చేది కాదు. కార్బన్ చుట్టూ నాలుగు బంధాలు ఎటెటు తిరిగి ఉన్నాయో మనసులో కనపడాలి. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతాయో బాణాలు గీసి చూపించాలి. పదార్థం అదే, కారకం అదే, ద్రావణి మార్చితే చర్య దారి మారిపోతుంది. వేడి పెంచితే ఇంకోలా పోతుంది. నాకు అప్పటిదాకా తెలిసిన చదువు వేరు. విజయవాడలో ఆరో తరగతి దాకా నేర్చుకున్నది, ఇక్కడ హైస్కూల్లో నన్ను నెట్టుకొచ్చింది ఒకటే: రాసి రాసి గుర్తుపెట్టుకోవడం. అది ఇక్కడ పని చేయలేదు. పని చేయడం లేదని తెలియడానికి కూడా నాకు టైం పట్టింది.

సెప్టెంబరు చివర్లో మొదటి మిడ్‌టర్మ్. నాకు 58 వచ్చింది. క్లాసు సగటు 63. జీవితంలో మొదటిసారి సగటు కంటే కింద ఉన్నాను. మార్కులు ఫోన్లో కనిపించినప్పుడు లైబ్రరీలో ఉన్నాను. ఫోన్ తిప్పి బల్ల మీద బోర్లా పెట్టాను. పక్కన కూర్చున్న అమ్మాయి "నీకెంత" అని అడిగింది. "పర్లేదు" అన్నాను.

ఆ వారం నుంచి ఒక్కొక్కటే మానేయడం మొదలుపెట్టాను. ముందు శుక్రవారం వంట. తర్వాత డాన్సు ప్రాక్టీసు. తర్వాత రూమ్మేట్లతో భోజనం. ప్లేటు గదిలోకి తెచ్చుకుని లాప్‌టాప్ ముందు తినేదాన్ని. ఫ్రెండ్స్ గ్రూపులన్నీ మ్యూట్ చేశాను. ఎవరితో గడిపిన గంటైనా చదువులోంచి తీసుకున్న గంటే అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క అప్పుడు నాకు చాలా సబబుగా కనిపించింది. ప్రీమెడ్ పిల్లల్లో దీన్ని తప్పనేవాళ్లు ఎవరూ లేరు. ఎవరు తక్కువ నిద్రపోతే వాళ్లు ఎక్కువ కష్టపడుతున్నట్టు మాట్లాడుకునేవాళ్లం.

మిగిలిన ఆ గంటల్లో నేను చదివింది తక్కువ. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. అదే పేజీ మళ్లీ మళ్లీ చదివేదాన్ని. జీపీఏ లెక్క కట్టే వెబ్‌సైటులో రకరకాల గ్రేడ్లు వేసి చూసేదాన్ని. బీ వస్తే ఎంత, సీ వస్తే ఎంత, మిగతా అన్నీ ఏ తెచ్చుకుంటే మళ్లీ ఎక్కడికి చేరతాను. తెల్లవారుజామున మూడింటికి పడుకునేదాన్ని. ఏడింటికి లేచేసరికి కడుపులో తిప్పేది. ఉదయం పూట ముద్ద దిగేది కాదు.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసేది. పరీక్ష ఎలా రాశావంటే బాగా రాశానన్నాను. మార్కులు రాలేదా అంటే ఇంకా ఇవ్వలేదన్నాను. తర్వాత వీడియో కాల్స్ ఎత్తడం మానేశాను. ల్యాబులో ఉన్నానని మెసేజ్ పెట్టేదాన్ని.

అక్టోబరు మధ్యలో రెండో మిడ్‌టర్మ్ వచ్చింది. అది బతుకమ్మ వారం. కింద అక్కావాళ్లు పూల కోసం వెతుకుతున్నారు. ఇక్కడ తంగేడు దొరకదు. కిరాణా స్టోర్లో అమ్మే చామంతి గుత్తులూ, ఎవరి పెరట్లోనో పూసిన బంతిపూలూ తెచ్చారు. అక్క పైకొచ్చి "ఆదివారం సద్దుల బతుకమ్మ, రా" అంది. పరీక్ష ఉందన్నాను. "పరీక్ష గురువారం కదా" అంది. నేను తలుపు సగం తెరిచి మాట్లాడాను. లోపలికి రమ్మనలేదు.

గురువారం సాయంత్రం పరీక్ష. చాలా పెద్ద హాలు, వరుసలో ఒక సీటు వదిలి ఒక సీటు. నేను వరుస మధ్యలో కూర్చున్నాను. మొదటి పేజీ రాశాను. రెండో పేజీలో సైక్లోహెక్సేన్ ఉంగరం మీద ఒక బ్రోమిన్. దాన్ని కుర్చీ ఆకారంలో గీసి, తిప్పి మళ్లీ గీయాలి. అది నాకు వచ్చు. ముందు రోజు రాత్రి గీశాను. గీత మొదలుపెట్టాను, ఆ మూల నుంచి ఎటు వెళ్లాలో తెలియలేదు. చెరిపేశాను. మళ్లీ గీశాను. మళ్లీ చెరిపాను. కాగితం అక్కడ పలచబడి చిరిగింది.

అప్పుడు పెదాల చుట్టూ తిమ్మిరి మొదలైంది. తర్వాత వేళ్లు. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోంది. ఊపిరి లోపలికి వెళ్తోంది గానీ చాలడం లేదు. ఎంత పీల్చినా చాలడం లేదు. కుడిచేతి వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుపోయాయి. పెన్సిలు కింద పడింది. ఎడమ చేత్తో వాటిని విప్పబోయాను, రాలేదు. నాకు గుండెపోటు వస్తోందనుకున్నాను. లేదా పక్షవాతం. చచ్చిపోతాననుకున్నాను. ఆ క్షణంలో కూడా ఇంకో పక్క, ఇప్పుడు లేచి వెళ్తే ఈ పేపరు పోతుంది అనుకుంటున్నాను.

లేచాను. పక్కవాళ్ల మోకాళ్ల మీద నుంచి దాటుకుంటూ బయటికి వచ్చాను. పేపరు అక్కడే ఉండిపోయింది. బాత్రూంలో నేల మీద కూర్చున్నాను. నర్సింగ్ చదివే రూమ్మేట్‌కి ఫోన్ చేశాను. మాట రాలేదు. ఆమె నా ఊపిరి శబ్దం విని "ఎక్కడున్నావో ఆ ఒక్క మాట చెప్పు" అంది. చెప్పాను. ఆమె వచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. వస్తూ వస్తూ "వదులు, నెమ్మదిగా వదులు" అని చెబుతూనే ఉంది. పీల్చమని చెప్పలేదు. వదలమనే చెప్పింది.

తర్వాత తెలిసింది అదెందుకో. భయంలో ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. దాంతో విడిగా ఉండే కాల్షియం తగ్గి చేతివేళ్లు అలా బిగుసుకుంటాయి. ఊపిరి నిదానిస్తే వాటంతటవే విడిపోతాయి. ఎవరికైనా ఇలా జరిగితే తెలిసి ఉండాలని రాస్తున్నాను. కాకపోతే మొదటిసారి ఛాతీ పట్టేసినట్టుంటే భయమేలే అని ఎవరికి వారు తేల్చుకోకూడదు. డాక్టరు చూడాలి. ఆమె నన్ను అలా వదిలేయలేదు. కారులో క్లినిక్‌కి తీసుకెళ్లింది. ఈసీజీ తీశారు. రక్త పరీక్షలు చేశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అక్కడి డాక్టరు అది పానిక్ అటాక్ అన్నారు. గుండె బాగుందని విన్నాక సంతోషించాలి. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టర్ని కావాలనుకునే దాన్ని, ఒక పరీక్షకు తట్టుకోలేక క్లినిక్‌లో పడుకున్నాను. ఏడ్చాను. రూమ్మేట్ కుర్చీలో కూర్చుని ఉంది. మరుసటి రోజు ఉదయం ఆమెకూ ఫార్మకాలజీ పరీక్ష ఉందని నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

ఆ రాత్రి కరీంనగర్ అక్క మిరియాల చారూ అన్నమూ తెచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. రూమ్మేట్ చెప్పి ఉంటుంది. నేను నాలుగు ముద్దలు తిన్నాను. మెకాలెన్ అమ్మాయి తన పరుపు ఈడ్చుకొచ్చి నా గదిలో వేసుకుంది. నేను వద్దన్నాను. మనసులో వద్దని లేదు. ఆ రాత్రి ఒంటరిగా ఉండాలంటే నాకు భయంగా ఉంది.

ఆదివారం అక్క మళ్లీ వచ్చింది. ఈసారి అడగలేదు, చీర తెచ్చింది. అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కన గడ్డిలో బతుకమ్మలు పెట్టారు. నేను చుట్టూ తిరగలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మాది విజయవాడ, ఆ పాటలు నాకు అంతగా రావు. చప్పట్లు మాత్రం కొట్టాను. ఒక గంట సేపు జీపీఏ గుర్తు రాలేదు. అది నేను రాత్రి పడుకునేటప్పుడు గమనించాను.

సోమవారం యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి ఫోన్ చేశాను. నంబరు కొట్టింది రూమ్మేట్, నా చేతికిచ్చింది. ముందు ఫోన్లోనే కొన్ని ప్రశ్నలు అడుగుతారు. అందులో ఒకటి, చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని. లేదని చెప్పబోయాను. తర్వాత నిజం చెప్పాను. చావాలని కాదు. కానీ ఆ మధ్య రోడ్డు దాటేటప్పుడు, ఏదైనా కారు తగిలి కాలు విరిగితే పరీక్ష రాయక్కర్లేదు కదా అని చాలాసార్లు అనుకున్నాను. తగలాలని కోరుకున్నాను. ఆ మాట పైకి అన్నప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. అవతల ఆమె గొంతు మారలేదు. చెప్పినందుకు థాంక్స్ అంది. ఆ వారంలోనే టైం ఇచ్చారు. మామూలుగా అయితే అంత త్వరగా దొరకదు.

ఇలాంటి ఆలోచన వచ్చినవాళ్లు అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు. అమెరికాలో 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు. మన దేశంలో టెలీ మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. నాకు ఈ నంబర్లు తెలుసు. తెలిసినా నాకోసం కాదనుకున్నాను. ఇంకో భయం కూడా నన్ను ఆపింది. కౌన్సెలింగ్‌కి వెళ్తే మెడికల్ స్కూళ్లకు తెలిసిపోతుందని మాలో ఒక పుకారు ఉండేది. అది నిజం కాదు. ఆ రికార్డులు ట్రాన్స్‌క్రిప్టులో ఉండవు, దరఖాస్తుతో వెళ్లవు. అదే నేను కౌన్సెలర్‌ని అడిగిన మొదటి ప్రశ్న.

అక్టోబరు చివరి వారంలో అడ్వైజర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా కోర్సులన్నీ ఒక కాగితం మీద రాశారు. ఫిజిక్స్ వదిలేద్దాం అన్నారు. గడువు లోపల వదిలేస్తే గ్రేడు బదులు డబ్ల్యూ పడుతుంది, అది జీపీఏలో కలవదు. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ మొత్తం మీద ఇలా ఆరు కోర్సులే వదలగలం. అందులో ఒకటి వాడుకున్నాను. ట్రాన్స్‌క్రిప్టులో ఆ డబ్ల్యూ చూస్తే ఎవరూ తీసుకోరని వాదించాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. "ఒక్క డబ్ల్యూ ఎవరూ పట్టించుకోరు. వరసగా మూడు డీ గ్రేడ్లు ఉంటే పట్టించుకుంటారు" అన్నారు. ఆర్గానిక్ ప్రొఫెసర్‌కి ఉత్తరం రాయించారు. క్లినిక్ కాగితం చూసి ఆయన ఆ మిడ్‌టర్మ్ బదులు ఫైనల్ మార్కునే లెక్కలోకి తీసుకుంటానన్నారు. అందరు ప్రొఫెసర్లూ ఇలా ఒప్పుకోరు. నేను అడక్కపోతే ఆయనా చేసేవారు కాదు.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. రూమ్మేట్ పక్కన కూర్చుంటే ఫోన్ చేశాను. తెలుగు ఆమెకు ఒక్క ముక్క రాదు. అయినా ఉండమన్నాను. 58 సంగతి, క్లినిక్ సంగతి, ఫిజిక్స్ వదిలేసిన సంగతి వరసగా చెప్పేశాను. కారు సంగతి మాత్రం అప్పుడు చెప్పలేదు. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫిజిక్స్ ఫీజు వెనక్కి వస్తుందా అని అడిగారు. రాదన్నాను. అమ్మకు కోపం వచ్చింది. "నెల రోజుల నుంచీ నాతో అబద్ధాలాడుతున్నావా" అంది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండ్రోజులూ నాకు పరీక్ష హాలు కంటే ఎక్కువ భయమేసింది. మూడో రోజు తమ్ముణ్ని నాన్నకు అప్పజెప్పి, బస్సెక్కి వచ్చేసింది. వారం రోజులు మా అపార్ట్‌మెంట్ హాల్లో పడుకుంది. ముగ్గురికీ వండింది. కారు సంగతి ఆమె వెళ్లే ముందు రోజు చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది. ఏమీ అనలేకపోయింది. తర్వాత నెలల తరబడి రోజుకు మూడుసార్లు ఫోన్ చేసేది. విసుగనిపించినా ఎత్తేదాన్ని.

నవంబరులో చదువు పద్ధతి మార్చాల్సి వచ్చింది. జెనెటిక్స్ క్లాసులో ఇద్దరు ఆర్గానిక్ కూడా చదువుతున్నారు. వాళ్లు లైబ్రరీలో ఒక గది తీసుకుని బోర్డు మీద గీసుకుంటారని విన్నాను. నేనూ రావచ్చా అని అడిగాను. వాళ్ల ముందు తప్పు గీయాలంటే నా చెయ్యి వణికేది. ఒకబ్బాయి దగ్గర మాలిక్యులర్ మోడల్ కిట్ ఉండేది. నల్ల బంతి కార్బన్, తెల్లది హైడ్రోజన్, మధ్యలో పుల్లలు. సైక్లోహెక్సేన్ ఉంగరం చేసి నా చేతిలో పెట్టాడు. ఒక కొన పైకి లేపి, ఎదుటి కొన కిందికి నొక్కితే కుర్చీ తిరిగింది. పక్కకి చాచి ఉన్న బంతి నిలువుగా లేచింది. నిలువుగా ఉన్నది పక్కకి వాలింది. కాగితం మీద నేను అన్నిసార్లు చెరిపింది ఇదే. వేళ్లతో ఒకసారి తిప్పాక నాకు మళ్లీ మర్చిపోవడం కుదరలేదు. ఆ బంతుల్ని పట్టుకుని ఎంతసేపు తిప్పానో ఆ అబ్బాయి ఏమీ అనలేదు. కిట్ నా దగ్గరే ఉంచుకోమన్నాడు.

ఆ గదిలో తెలిసిందేమంటే, నేను మనుషుల నుంచి లాక్కున్న గంటల్లో రాని చదువు, ముగ్గురం కూర్చుని ఒకరికొకరం చెప్పుకునే గంటల్లో వచ్చింది. నేను చెబుతూ మధ్యలో ఆగిపోతే ఎక్కడ రాలేదో అక్కడే తెలిసిపోయేది. ఒంటరిగా చదివితే ఆ చోటు దాటేసి ముందుకు పోయేదాన్ని. ఇది అందరికీ వర్తిస్తుందని అనను. ఒంటరిగానే బాగా చదివేవాళ్లు నాకు తెలుసు. నాకు మాత్రం మనుషులు కావాలి. అది బలహీనత అని చాలాకాలం అనుకున్నాను.

డిసెంబరు ఫైనల్‌కి వరుస చివర, తలుపు పక్కన కూర్చున్నాను. మధ్యలో ఒకసారి పెదాలు తిమ్మిరెక్కాయి. పెన్సిలు కింద పెట్టి ఊపిరి వదిలాను. లేవలేదు. ఆర్గానిక్‌లో సీ ప్లస్ వచ్చింది. జెనెటిక్స్‌లో బీ. స్టాటిస్టిక్స్‌లో ఏ. మెడికల్ స్కూళ్లు ఈ కోర్సులకు సీ దాకా ఒప్పుకుంటాయి. అంటే మళ్లీ చదవక్కర్లేదు. కానీ ఆ సీ ప్లస్ ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఆ సెలవుల్లో చాలా రాత్రులు అదే ఆలోచన.

2024 జనవరి నుంచి తక్కువ తీసుకున్నాను. ఆర్గానిక్ రెండో భాగం, ఇంకో రెండు కోర్సులు. ఫిజిక్స్ వేసవికి వదిలేశాను. శుక్రవారం సాయంత్రం వంట మళ్లీ మొదలైంది. మొదట్లో అక్కడ కూర్చున్నా మనసు పుస్తకం మీదే ఉండేది. కౌన్సెలర్ అది పోవడానికి టైం పడుతుందన్నారు. అలాగే పట్టింది. డాన్సు ప్రాక్టీసుకి మళ్లీ వెళ్లలేదు. అన్నీ వెనక్కి రావు. అంతకుముందు ఫోన్లు ఎత్తనందుకు దూరమైన హైస్కూలు స్నేహితురాలు ఒకతి ఇప్పటికీ దూరంగానే ఉంది. ఆమెకు రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది, అంతే. మే నెలలో ఆర్గానిక్ రెండో భాగంలో బీ ప్లస్ వచ్చింది. మోడల్ కిట్ ఆ అబ్బాయికి తిరిగిచ్చాను.

జూనియర్లు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. మొదటి తక్కువ మార్కు వచ్చిన రోజే ఎవరో ఒకరికి ఆ అంకె చెప్పండి. మంచి సలహా ఇచ్చేవాళ్లే కానక్కర్లేదు. మా రూమ్మేట్‌కి ఆర్గానిక్ కెమిస్ట్రీ రాదు. కోర్సు వదిలేసే గడువు ఏ రోజో సెమిస్టరు మొదట్లోనే క్యాలెండర్లో రాసుకోండి. పరీక్షలకు విడి గది, అదనపు టైం కావాలంటే యూనివర్సిటీలో దానికో ఆఫీసు ఉంటుంది, డాక్టరు కాగితంతో వెళ్తే ఇస్తారు. మూడో ఏడాది దాకా నాకు ఆ సంగతే తెలియదు. నిద్ర తగ్గించి చదివితే కలిసొచ్చేది చాలా తక్కువ. అమ్మానాన్నలకు కూడా ఒక మాట. పిల్లలు వీడియో కాల్ ఎత్తకుండా మెసేజ్ ఒక్కటే పెడుతుంటే, వారం దాటకముందే ఒకసారి వెళ్లి చూడండి.

ఇప్పుడు నాది ఆఖరి ఏడాది. మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాశాను. విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష. 509 వచ్చింది. గరిష్ఠం 528. సీటు వచ్చినవాళ్ల సగటు 511 పైన ఉంటుంది, కాబట్టి నాది అటూ ఇటూ కాని స్కోరు. నేరుగా దరఖాస్తు పెట్టకుండా ఒక ఏడాది ఆగుతున్నాను. ఒక క్లినిక్‌లో స్క్రైబ్‌గా చేరుతున్నాను. డాక్టరు పేషెంటుతో మాట్లాడుతుంటే కంప్యూటర్లో రాసే పని. సీటు వస్తుందో రాదో తెలియదు. ఆ భయం పోలేదు. మార్కుల నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. ముందు ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు తెరుస్తాను.

ఈ వేసవిలో నర్సింగ్ రూమ్మేట్ ఎన్‌క్లెక్స్ రాస్తోంది. లైసెన్సు పరీక్ష. ఈ మధ్య ఆమె కూడా సరిగ్గా తినడం లేదు. పరీక్ష అయ్యేదాకా వంట నాదని చెప్పాను. కరీంనగర్ అక్క ఇప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తోంది. చారుపొడి పంపిస్తానంది.